మసక గీత

41వ రోజు

ఉదయం ఆరు గంటలు. మీథేన్ 0.2. కార్బన్ మోనాక్సైడ్ లేదు. మూడో నంబరు ఫ్యాను నడుస్తోంది. వేడి ముప్పై ఒకటి.

ఈ అంకెల్ని మైకులో చదివాను. నేను చదివాకే మా వరుసలోని ముప్పై ఆరు కుటుంబాలు లేచి కదులుతాయి. వంటశాలలో కనకక్క కరెంటు పొయ్యి స్విచ్ వేస్తుంది. ఈ ఏడో బాయి ఒకప్పటి బొగ్గు గని. ఇందులో బొగ్గు తీయడం ఎప్పుడో మా తాతల కాలంలోనే ఆగిపోయింది. ఇప్పుడిది మా ఎండకాలం ఊరు. మార్చిలో దిగుతాం, తొలకరి పడ్డాక ఎక్కుతాం. పైన ఈ రోజు యాభై రెండు డిగ్రీలట. ఆ అంకె నేను మైకులో చదవను. అది విని ఎవరికీ ఒరిగేదేమీ లేదు.

అంకెలు చదవడంతో పాటు ఈ రోజు ఇంకో పని పడింది. నాలుగో వరుసలో ఒక పిల్లి చిక్కిచిక్కి చచ్చిపోయింది. డాక్టర్ నస్రీన్ అన్ని వరుసలకూ పరీక్ష కిట్లు పంపారు. పిల్లులకు వచ్చే ల్యుకేమియా వైరస్ కోసం. మనుషులకు అంటదు, కానీ పిల్లి నుంచి పిల్లికి ఎంగిలి ద్వారా పాకుతుంది. టీకా మందు నాలుగేళ్లుగా ఎక్కడా దొరకడం లేదు. పిల్లులు లేకపోతే ఇక్కడ మాకు గడవదు. ఎలుకలు కేబుళ్లు కొరికితే ఫ్యాన్లు ఆగుతాయి.

మా వరుసకు రెండు పిల్లులు. కేబుళ్ల దారి మా జొన్నది. వంటశాల కొట్టు కనకక్క వాళ్ల దొరది. జొన్న అని పేరెందుకంటే ఒళ్లంతా జొన్నపిండి రంగు. దొర పేరు మాత్రం కనకక్క వేళాకోళంగా పెట్టింది. "ఏనాడన్న ఒక దొరను నేను గిన్నెల బువ్వపెట్టి 'రారా' అని పిలవాలె గద!" అంటుంది.

చెవి అంచున ఒక చుక్క రక్తం, పట్టీ మీద వేసి పది నిమిషాలు ఆగాలి. ఒక గీత వస్తే మంచిది. రెండు వస్తే వైరస్ ఉన్నట్టు. దొరకు ఒక్కటే వచ్చింది. కనకక్క దాన్ని ఎత్తుకుని, "సూసినవా, మా వోడు పహిల్వాను," అని వెళ్లిపోయింది.

జొన్న పట్టీని మా గదిలో బల్ల మీద పెట్టాను. పది నిమిషాలకు ఒక గీత. దాని పక్కన ఇంకొకటి. సున్నం గోడ మీద పెన్సిలుతో గీసి చెరిపేసినట్టు ఉంది. దీపం దగ్గరికి జరిపి చూశాను. దూరంగా పెట్టి చూశాను. ఉంది.

మా ఆయన సమ్మయ్య పనికి బయల్దేరుతూ నా భుజం మీంచి తొంగి చూశాడు. పైకప్పు కూలకుండా దిమ్మెలు, అంటే కర్ర దుంగలు, నిలబెట్టే పని ఆయనది. పగుళ్లు చూసి చూసి కంటికి ఏదీ తప్పదు.

"గది గీతేనా?" అన్నాడు.

"కాదు. దీపం నీడ."

ఒక్క క్షణం నా ముఖం చూశాడు. "నీకే ఎరుక," అని టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడేళ్ల కిందట ఇదే జబ్బు వస్తే పదకొండు పిల్లుల్ని పైకి పంపారు. పైకి అంటే మే నెల ఎండలోకి. నీడ ఏర్పాటు చేశామన్నారు. ఒక్కటీ తిరిగి రాలేదు. నస్రీన్ వచ్చాక ఆ నిబంధన మార్చారు. ఇప్పుడు పాత పంపు గదిలో విడిగా ఉంచుతారట, రెండు నెలలకు మళ్లీ పరీక్ష చేస్తారట. కాగితం మీద అలాగే ఉంది. పోయినసారి కూడా కాగితం మీద నీడ ఉండింది.

వంటశాల గోడకు వేలాడే పిల్లుల పట్టికలో "దొర: లేదు" అని రాశాను. కింద "జొన్న: లేదు" అని రాశాను. రెండో మాట కూడా మొదటి మాటంత తేలిగ్గానే రాశాను. అదే ఇప్పుడు తలుచుకుంటే భయమేస్తోంది. తొమ్మిదేళ్లుగా ఈ వరుసకు గాలి అంకెలు రాస్తున్నాను. ఒక్క అంకె కూడా తప్పు రాయలేదు.

43వ రోజు

మీథేన్ 0.2. వేడి ముప్పై ఒకటిన్నర. మూడో ఫ్యానుకు ఆయిల్ వేశారు.

ఆ వైరస్ జొన్నకు ఎక్కడ అంటిందో ఆలోచిస్తున్నాను. ఆలోచించాల్సినంత ఏమీ లేదు. దిగడానికి ముందు పది రోజులు మా గుమ్మం దగ్గరికి ఒక బక్క పిల్లి వచ్చేది. డొక్కలు లోపలికి పోయి, కళ్ల నిండా పుసులతో. జాలిపడి అన్నం పెట్టాను. వేరే పళ్లెం తీసే ఓపిక లేక జొన్న గిన్నెలోనే పెట్టాను.

జొన్న మామూలుగానే ఉంది. నిన్న రెండు ఎలుకలు తెచ్చింది. జబ్బుంటే రెండు ఎలుకలు పట్టేదా అని నాకు నేనే చెప్పుకున్నాను.

46వ రోజు

మీథేన్ 0.3. హద్దు లోపలే. వేడి ముప్పై రెండు.

అంకెలు చదివి మైకు ఆపేసరికి కనకక్క వచ్చింది. దొర ముందు కాలికి రేకు గీసుకుని వాచిందట, నడవలేకపోతోందట. కొట్టులో ఎలుకలు మూడు బియ్యం సంచులు చింపాయి.

"జర నీ జొన్నను ఒక వారం పంపు చెల్లే. వాని కాలు మానేదాక. గీ ఎల్కలు నా పానం తీస్తున్నయి."

"దానికి ఒంట్లో బాగాలేనట్టుంది అక్కా," అన్నాను.

"ఏమైంది?"

మైకు తీగ చుట్టడం మొదలుపెట్టాను. కనకక్క వంటశాల గోడ మీది పట్టిక వైపు చేయి చూపించింది.

"మంచిగనే ఉన్నదని నువ్వే రాస్తివి గద! నిన్న గూడ కేబుళ్ల కాడ ఉరుకుతుంటె సూసిన. పంపనని చెప్పు, నేనేమీ అనుకోను. కని గిట్ల సాకులెందుకు?"

పట్టిక మీద ఉన్నది నా అక్షరాలే. జొన్నను చంకన పెట్టుకుని ఆమె వెంట వెళ్లాను.

47వ రోజు

మీథేన్ 0.2. వేడి ముప్పై రెండు.

పొద్దున కొట్టుకి వెళ్లి చూస్తే రెండూ ఒకే పళ్లెంలో తింటున్నాయి. దొర కాలు చాపుకుని కూర్చుని తింటోంది. తిన్నాక జొన్న దాని చెవులు నాకింది. దొర కళ్లు మూసుకుంది. వంటశాలలో పనిచేసే ఆడవాళ్లు చుట్టూ చేరి ముచ్చటపడుతున్నారు.

నేను ఇంటికి వచ్చి జొన్న గిన్నె తీసుకుని మళ్లీ వెళ్లాను. "అక్కా, దీనికి ఇందులో పెట్టు. దొరకు దాని పళ్లెంలో," అన్నాను.

"ఎందుకే? కలిసి మంచిగ తింటున్నయి గద!"

"దానికి అలవాటు అక్కా. సొంత గిన్నె లేకపోతే సరిగా తినదు."

"ఇప్పుడే పళ్లెం నాకి మెరిపిచ్చింది," అని నవ్వింది కనకక్క. అంతలో ఏదో తట్టినట్టు ఆ నవ్వు ఆగిపోయింది. తక్కినవాళ్లు వినకుండా నన్ను కొట్టు మూలకు తీసుకెళ్లింది.

"మా అవ్వోళ్ల అవ్వ చెప్పేదట. హోటల్ల మావోళ్లకు వేరే గ్లాసు ఉండేదట, గోడ మొలకు తగిలిచ్చి. తాగి, కడిగి, మళ్ల ఆడనే పెట్టాలెనట. గా ముచ్చట పోయి ఎన్నేండ్లాయె. మనం ఒక్క కుండల నీళ్లు తాగబట్టి ఎన్నేండ్లాయె. ఇయ్యాల నువ్వు మా పిల్లికి దూరంగ నీ పిల్లికి వేరే గిన్నె తెస్తివి స్వరూపా."

"అయ్యో, అదేం మాట అక్కా! నా మనసులో అలాంటిదేమీ లేదు."

"మరేమున్నది?"

నిజం చెప్పడానికి ఒక్క నిమిషం పట్టేది. ఆ నిమిషం నా చేతిలో ఉంది. కనకక్క నా ముఖంలోకి చూస్తూ ఎదురుచూసింది కూడా. నేను గిన్నె కొంగు కింద దాచుకుని, "ఏం లేదక్కా. ఒకే పళ్లెంలో పెట్టు," అన్నాను.

ఇంటికి వచ్చి గిన్నె కడిగాను. అందులో ఎవరూ ఏమీ తినలేదు. అయినా కడిగాను.

54వ రోజు

మీథేన్ 0.2. వేడి ముప్పై రెండున్నర.

దొర కాలు మానింది. జొన్న ఇంటికి వచ్చింది. ఎనిమిది రోజులు రెండూ ఒకే పళ్లెంలో తిని, ఒకే గోనెసంచి మీద పడుకున్నాయి. కనకక్క ఒక దొన్నె నిండా బెల్లం అన్నం పంపింది. "నీ పిల్లి కష్టానికి," అని చెప్పి పంపిందట. సమ్మయ్య తిన్నాడు. నేను ముట్టలేదు.

57వ రోజు

మీథేన్ 0.2. వేడి ముప్పై రెండు.

జొన్న రెండు రోజులుగా తినడం లేదు. ఒళ్లు కాలుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్లు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కిట్ల డబ్బాలో ఇంకొకటి మిగిలి ఉంది. తలుపు వేసుకుని పరీక్ష చేశాను. ఈసారి పది నిమిషాలు ఆగే అవసరం రాలేదు. నాలుగో నిమిషానికే రెండో గీత మొదటి గీతంత నల్లగా వచ్చింది.

సమ్మయ్య పని నుంచి రాగానే పట్టీ చేతిలో పెట్టాను. దీపం కిందికి జరిపి చూశాడు.

"అప్పుడు గూడ ఉండె గద," అన్నాడు.

"ఉండింది."

"నేను సూసిన. నువ్వే చెప్తవేమోనని ఊకున్న. నేను అడిగితె నువ్వు ఆగుతుంటివి. నాది గూడ తప్పే స్వరూపా."

ఆయన తప్పు ఆయన తీసుకున్నాడని నా తప్పు తగ్గలేదు. కానీ ఆ మాటతో నాకు ఏడుపు వచ్చింది. నలభై ఒకటో రోజు నుంచి రానిది.

58వ రోజు

మీథేన్ 0.2. వేడి ముప్పై రెండు.

డాక్టర్ నస్రీన్‌కు ఫోను చేశాను. ఆమె రెండో వరుసలో ఉంటారు. అంతా చెప్పాను. మసక గీత, పట్టిక, ఎనిమిది రోజుల పళ్లెం. అడ్డు రాకుండా విన్నారు.

"మసకగ ఉన్నా గీత గీతే స్వరూపా," అన్నారు చివరికి. "గది కిట్టు డబ్బా మీదనే రాసి ఉన్నది. సందేహం ఉంటే నాకు ఫోన్ చెయ్యమని గూడ రాసి ఉన్నది."

"చదివాను మేడం."

"మరెందుకు చెయ్యలే?"

"పైకి పంపేస్తారని భయపడ్డాను."

ఆమె పెన్ను కింద పెట్టిన చప్పుడు వినిపించింది. తర్వాత, "మూడేండ్ల కింద నేను ఇక్కడ లేను. ఉంటే పంపనియ్యకపోతుంటి. కని నువ్వు ఎట్ల నమ్ముతవు, గది గూడ నిజమే," అన్నారు. వెంటనే గొంతు మారింది. "ఇయ్యాలనే జొన్నను పంపు గదికి తీసుకపో. దొరకు ఇప్పుడే పరీక్ష చేస్తే లాభం లేదు. అంటుకున్నా ఇంత తొందరగ గీత పడదు. దాన్ని గూడ పంపు గదిల వేరే అరలో పెట్టాలె. నెల దాటినంక రెండింటికి ఒకేసారి సూద్దాం. జొన్న బతికితే."

"జొన్నకు నయమవుతుందా మేడం?"

"కొన్నింటికి ఒళ్లే కొట్లాడి గెలుస్తది. కొన్నింటికి గెలవది. ముందుగ చెప్పరాదు. ఇగో, కనకమ్మకు నేను చెప్పాల్నా?"

"వద్దు. నేనే చెప్తాను."

"ఇయ్యాలనే చెప్పాలె."

వంట అయిపోయి పెద్ద గిన్నెలు తోముతున్న వేళకు వెళ్లాను. కనకక్క ఒక్కతే ఉంది. నిలబడే చెప్పాను. కూర్చుని చెప్పే అర్హత నాకు లేదనిపించింది.

ఆమె చేతిలో పీచు అలాగే ఉండిపోయింది. పంపులోంచి నీళ్లు పోతూనే ఉన్నాయి. నేనే కట్టేశాను.

"గందుకేనా గా రోజు గిన్నె తెచ్చినవు?"

"అవునక్కా."

"నేను నిన్ను అన్న మాటలకు వారం రోజులు నాకు నిద్ర లేదు. దాని మనసుల లేనిది నేను అంటగట్టిన, ఎంత బాధపడ్డదో అనుకున్న. బెల్లం బువ్వ గందుకే పంపిన. తప్పు నాదనుకొని." ఆమె గొంతు పెరగలేదు. పెరిగితే బాగుండేది. "నా ముత్తవ్వ ముచ్చట నీ ముంగట పెడితిని. అప్పుడన్న నోరు తెరవకపోతివి?"

కనకక్క చేతిలోని పీచును గిన్నెలో పడేసింది.

"నీ పిల్లి పానం పానం. మా దొరది కాదు. అంతే గద?"

"అలా అనుకోలేదక్కా. దాని గురించి ఏమీ అనుకోలేదు. అదే నా తప్పు."

కనకక్క చేతులు తుడుచుకుని, కొట్టులోకి వెళ్లి దొరను ఎత్తుకుంది. నా పక్క నుంచే బయటికి నడిచింది. పంపు గది దారి ఎటో నన్ను అడగలేదు.

59వ రోజు

మీథేన్ 0.2. కార్బన్ మోనాక్సైడ్ లేదు. వేడి ముప్పై రెండు.

అంకెలు చదివాక మైకు ఆపలేదు. "నలభై ఒకటో రోజున పిల్లుల పట్టికలో జొన్నకు వైరస్ లేదని రాశాను. ఉంది. తెలిసే రాశాను," అని చదివాను. జొన్న ఎన్ని రోజులు వంటశాలలో ఉందో చెప్పాను. మైకు ఆపాను. చాలాసేపు ఎవరి తలుపూ తెరుచుకోలేదు.

తర్వాత అందరూ వంటశాలలో చేరారు. పట్టాల దగ్గర ఉండే ఓదెలు పెద్దయ్య అడిగాడు. "పిల్లి సంగతి వదిలెయ్ బిడ్డా. గాలి అంకెలు గూడ గిట్లనే రాసినవా?"

"లేదు పెద్దయ్యా."

"గది గూడ నువ్వే చెప్తున్నవు గద."

ఆయన కోపంగా అనలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. పక్కన చంటిబిడ్డను ఎత్తుకున్న ఒకామె నన్ను చూసి, బిడ్డను ఇంకో భుజానికి మార్చుకుంది. ఆ క్షణంలో నాకు తెలిసింది. నేను పిల్లి విషయంలో ఒక అబద్ధం ఆడానని అనుకుంటున్నాను. కానీ వాళ్లకు ఆ పూట పీల్చే గాలి మీదే నమ్మకం పోయింది.

64వ రోజు

ఎనిమిదో వరుసలో అంకెలు రాసే ఆమె వచ్చి, యంత్రం లోపల దాచి ఉన్న రీడింగులన్నీ బయటికి తీసి, తొమ్మిదేళ్ల నా పుస్తకాలతో పోల్చింది. ఐదు రోజులు పట్టింది. ఒక్క అంకె కూడా తేడా రాలేదు. ఆ మాట వంటశాలలో అందరికీ చెప్పారు.

అయినా గాలి అంకెల పుస్తకం ఇక నాది కాదు. అంకెలు సరిగ్గా ఉన్నంత మాత్రాన వాటిని చదివే గొంతును నమ్మాలని లేదు కదా. నేనే తీసుకెళ్లి ఆమెకు ఇచ్చాను. ఇకనుంచి ఈ నా సొంత నోటుబుక్కులో అంకెలు ఉండవు. ఈ రోజు మీథేన్ ఎంతో అందరితో పాటు మైకులో విన్నాను.

నాకు దిమ్మెలు మోసే పని ఇచ్చారు. సమ్మయ్య ముఠాలోనే.

71వ రోజు

పంపు గది చల్లగా, తడిగా ఉంటుంది. మధ్యలో ఇనుప జాలీ కట్టి రెండు అరలు చేశారు. ఒకదానిలో జొన్న, ఇంకోదానిలో దొర. పని మొదలయ్యే ముందు నేను వస్తాను. వంట పూర్తయ్యాక కనకక్క వస్తుంది. ఒకరికొకరం ఎదురుపడకుండా చూసుకుంటున్నాం. ఆమె చూసుకుంటోందో లేదో తెలియదు, నేను చూసుకుంటున్నాను.

జొన్న జ్వరం తగ్గింది. గంజిలో కలిపిన చేప పొడి నాలుగు చెంచాలు తాగింది. నాకు సంతోషం వేసింది. జాలీ అవతల దొర లేచి నిలబడి నా వైపు చూసింది. సంతోషం సగంలోనే ఆగిపోయింది.

79వ రోజు

ఈ పొద్దున వెళ్లేసరికి దొర నీళ్ల డబ్బా బోర్లాపడి ఉంది. నేల తడి ఆరిపోయింది. ఎప్పుడు పడేసిందో ఏమో, ఉత్త డబ్బాను నాకుతోంది. దొరను ముట్టుకోవద్దని కనకక్క నస్రీన్‌తో చెప్పి పంపింది. ముట్టుకోకుండా నీళ్లు ఎలా పోయాలి? కనకక్క రావడానికి ఇంకా మూడు గంటలుంది.

ముందు జొన్న దగ్గరికి వెళ్లలేదు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, దొర అర తెరిచి, డబ్బా నింపి మళ్లీ గొళ్లెం పెట్టాను. ఆ తర్వాతే జొన్నకు పెట్టాను.

మధ్యాహ్నం దిమ్మెల దగ్గరికి కనకక్క వచ్చింది. మేమందరం పని ఆపాం.

"నీళ్లు నువ్వు పోసినవా?"

"అవునక్కా. డబ్బా పడిపోయింది."

"చేతులు కడిగినవా?"

"కడిగాను. జొన్నను ముట్టుకోక ముందే పోశాను."

తల ఊపి వెళ్లిపోయింది. ఇరవై ఒక్క రోజుల్లో నాతో మాట్లాడిన మాటలు ఇవే. సమ్మయ్య నా చేతిలోని దిమ్మె అందుకుంటూ, "బరువెక్కువైతుందా?" అని అడిగాడు. లేదన్నాను.

96వ రోజు

డాక్టర్ నస్రీన్ స్వయంగా వచ్చారు. నేను, కనకక్క పంపు గది గుమ్మానికి చెరోవైపు నిలబడ్డాం. రెండు పట్టీలు ఒక రేకు మీద పక్కపక్కన పెట్టారు. ఎవరిది ఏదో తెలియడానికి పేర్లు రాశారు.

పది నిమిషాలు. పైన ఎక్కడో పంపు తిరుగుతున్న శబ్దం.

జొన్నది ఒకటే గీత.

దొరవి రెండు. మసకగా కాదు. ఎంత దూరం నుంచైనా కనిపించేట్టు.

నస్రీన్ ఇంకో కిట్టు తీసి రెండింటికీ మళ్లీ చేశారు. అలాగే వచ్చింది. రక్తం చిన్న సీసాల్లో తీసి పెద్ద ప్రయోగశాలకు పంపుతానన్నారు. కానీ ఆమె గొంతులోనే తెలిసిపోయింది.

"జొన్న ఒళ్లు గెలిచింది. మొత్తానికే పోయిందని నేను అనలేను, ఏడనో ఒక మూలకు అణగి ఉంటది. కని ఇగ వేరే పిల్లికి అంటించది," అన్నారు నావైపు తిరిగి. తర్వాత కనకక్క వైపు తిరిగారు. "కనకమ్మా, దొర కాలు పుండుతోని అప్పటికే నీరసంగ ఉండె. గందుకే తట్టుకోలేదేమో. ఇంకా కొన్ని వారాలకు మళ్ల సూద్దాం. కని ఆశ తక్కువ."

"ఎన్నాళ్లుంటడు?" అంది కనకక్క.

"మంచిగ సూసుకుంటే ఏడాది. రెండేండ్లు. కొన్ని ఇంకా ఎక్కువ గూడ ఉంటయి. వేరే పిల్లులతోని కలవనియ్యొద్దు. దెబ్బ తగలనియ్యొద్దు. రోజూ ఒక మందు గోలి మింగియ్యాలె. వచ్చే ఎండకాలం గూడ పంపు గదిలనే ఉంచాలె."

కనకక్క జాలీలోంచి వేలు పెట్టింది. దొర వచ్చి ఆ వేలికి తల రుద్దింది.

నేను జొన్నను ఎత్తుకుని అక్కడి నుంచి వెళ్లిపోవాలి. నస్రీన్ అదే చెప్పారు, తీసుకెళ్లమని. జొన్నను ఎత్తుకుని అక్కడే నిలబడ్డాను. ఇన్ని రోజులు ఏ ఫలితం కోసం దేవుళ్లందరికీ మొక్కుకున్నానో అది నా చేతిలోనే ఉంది. అంత బరువైంది నేనెప్పుడూ మోయలేదు. ఆ రేకు మీద గీతలు అటువి ఇటు మారినా నేను ఇంత సిగ్గుపడేదాన్ని కాదు.

104వ రోజు

నిన్న సాయంత్రం తొలకరి. ఈ రోజు ఎక్కేశాం. తట్టా బుట్టా, పొయ్యిలు, మంచాలు, చంటిపిల్లలు, రెండు పిల్లులు వేర్వేరు బుట్టల్లో. వాలుదారి చివర వెలుతురు చూసి అందరూ కేకలు పెట్టారు. తడిమట్టి వాసనకు ఓదెలు పెద్దయ్య అక్కడే కూలబడి ఏడ్చాడు, ప్రతి ఏడూ ఏడ్చినట్టే.

ఎక్కిన నాలుగో రోజు

కనకక్క వాళ్ల క్వార్టరు మా దానికి రెండు వీధులు అవతల. పైన కూడా వంటశాల ఆమెదే, గింజల కొట్టు పక్కనే. ఇక్కడ వీధిలో వేరే వరుసలవాళ్ల పిల్లులు మూడు తిరుగుతుంటాయి. కాబట్టి దొరను వెనక గదిలో పెట్టింది. కిటికీకి జాలీ కొట్టించింది.

జొన్నను బుట్టలో పెట్టుకుని వెళ్లాను. సమ్మయ్యతో ముందే మాట్లాడాను. ఆయన ఒప్పుకున్నాడు. ముఖం మాత్రం పక్కకు తిప్పుకున్నాడు.

"అక్కా, కొట్టుకు పిల్లి కావాలి కదా. జొన్నను నీ దగ్గర పెట్టుకో. దొరను నాకివ్వు. మా ఇంట్లో వేరే పిల్లి ఉండదు. దానికి ఏ లోటూ రాకుండా చూసుకుంటాను."

కనకక్క గడప మీద కూర్చుని బియ్యం చెరుగుతోంది. చేట ఆపలేదు.

"నీ పిల్లిని నాకిచ్చి, నా పిల్లిని నువ్వు తీసుకపోతె లెక్క సాఫు అయితదా?"

"కాదక్కా."

"మరి?"

"ఇంకేం చేయాలో తెలియక."

"వాడు పుట్టి కండ్లు తెరవకముందు నుంచి నా ఒళ్లెనే ఉన్నడు. రోగమొచ్చిందని ఇంకొకల ఇంటికి పంపుతనా? నీకంటె నేనేం తక్కువ పెంచిన్నా?" చేటలోని నూకలు పక్కకు తట్టింది. "తీసుకపో నీ పిల్లిని. దాని తప్పేమున్నది."

బుట్ట ఎత్తుకుని తిరిగాను. గేటు దాకా వచ్చాను.

"స్వరూపా."

ఆగాను.

"వాడు గోలి మింగుతలేడు. రెండు రోజులసంది ఉమ్మేస్తుండు. నోరు తెరిచి పట్టుకుందామంటె నాకు చేతులు వస్తలేవు. వాడు నా దిక్కు సూస్తడు, నేను వదిలేస్త." చేట కింద పెట్టింది. "నువ్వు పట్టుకో. నేనేస్త."

జొన్నను ఇంట్లో దింపి, చీర మార్చుకుని, చేతులు కడుక్కుని మళ్లీ వచ్చాను.

వెనక గదిలో దొర మంచం కింద దాక్కుంది. చిక్కిపోయింది. పొట్ట కింద చేయి వేసి పైకి తీశాను. తువ్వాలలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాను. తల పట్టుకుని దవడల మూలల్లో రెండు వేళ్లు పెట్టి నొక్కితే నోరు తెరిచింది. కనకక్క గోలీ వేసింది. గొంతు నిమిరాను. మింగలేదు. నా మణికట్టు మీద గోళ్లన్నీ దింపింది. వదల్లేదు. ఇంకోసారి నిమిరాను. మింగింది.

కనకక్క దాన్ని నా ఒళ్లోంచి తీసుకుని భుజాన వేసుకుంది. నా మణికట్టు నుంచి రక్తం కారుతోంది. చూసింది. కొళాయి వైపు చేయి చూపించింది. కడుక్కుంటుంటే వెనక నుంచి ఆమె దొరతో మాట్లాడుతోంది. నాతో కాదు.

నేను చెప్పులు వేసుకుంటుంటే గుమ్మం దాకా వచ్చింది.

"రేపు పెందలాడే రా. పొద్దెక్కితె వాడు నిద్రపోతడు, లేపబుద్ధి కాదు."

"వస్తానక్కా," అన్నాను.

ఎక్కిన పంతొమ్మిదో రోజు

వెళ్తున్నాను. ఒక్క రోజూ తప్పలేదు. కనకక్క నన్ను కూర్చోమనదు. క్షమించానని అనలేదు, నేను అడగలేదు. ఈ రోజు గోలీ మింగాక దొర నా ఒళ్లోంచి వెంటనే దిగలేదు. కాసేపు అలాగే పడుకుని తోక కొనను కదిపింది. కనకక్క దాన్ని ఎత్తుకోవడానికి చేయి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

"పండుకోనియ్," అంది. "వంట నేను పోయి సూసుకుంట. జర సేపు ఆడనే కూసో."